అర్థం కాలేదని వెనక్కి తిరక్కండి

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకి ఎప్పుడైనా ఉన్నారా? సంగీత గడియారం ముందు జనం ముందుగానే వచ్చి చేరతారు. కుర్చీలు నిండిపోతాయి. వెనక నిలబడ్డవాళ్లు పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుంటారు. లోపలి నుంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. అంతే. ఆ కాసేపటి కోసం అంతసేపు ఓపిగ్గా కూర్చున్న మనమే, అదే మ్యూజియంలో ఆధునిక భారతీయ చిత్రాల గదిలోకి వచ్చేసరికి ఒక్కో బొమ్మ ముందు మూడు సెకన్లు కూడా ఆగం. నడుస్తూనే చూసేస్తాం.

కాబట్టి మనవాళ్లకు ఓపిక లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. గడియారం ముందు ఏం జరగబోతోందో తెలుసు గనక కూర్చుంటాం. పెయింటింగ్ ముందు ఏం చెయ్యాలో మనకెవరూ చెప్పలేదు గనక కదిలిపోతాం. అది చెప్పడానికే ఈ అధ్యాయం.

మీకూ ఇలా జరిగే ఉంటుంది. స్నేహితుడు ఫోన్ చేసి, "ఆదివారం ఖాళీయేనా? పెయింటింగ్ ఎగ్జిబిషన్ ఉంది, వెళ్దాం" అంటాడు. మీ నోటి నుంచి మొదట వచ్చే మాట ఏమిటి? "మోడరన్ ఆర్టా? మనకర్థం కాదులే." ఈ మాట అనేవాళ్లు సామాన్యులేమీ కాదు. రోజూ వందలమందికి వైద్యం చేసే డాక్టర్లు, పిల్లలకు కలన గణితం చెప్పే మాస్టార్లు, బ్యాంకు లెక్కల్ని వేలి కొసల మీద నడిపే ఆఫీసర్లు. ఇన్ని అర్థమైనవాళ్లకి నాలుగడుగుల గుడ్డ మీద పూసిన రంగు దగ్గర ఎందుకింత బెరుకు?

బడి రోజులు గుర్తు తెచ్చుకోండి. డ్రాయింగ్ పీరియడ్ వచ్చిందంటే సిలబస్ పూర్తికాని లెక్కల మాస్టారు ఆ గంట తీసుకునేవారు. పరీక్షల్లో ప్రతి ప్రశ్నకీ ఒక జవాబుండేది, అది గైడులో దొరికేది. అలా పెరిగాక పెయింటింగ్‌ని కూడా ప్రశ్నపత్రంలాగే చూస్తాం. జవాబు తట్టకపోతే తప్పామనుకుంటాం. పక్కవాడికి తెలిసిపోతుందేమోనని తొందరగా బయటపడతాం.

ఇప్పుడు ఇంకో సంగతి అడుగుతాను. మీ ఇంటి ముందు ముగ్గుకి అర్థం ఏమిటి?

ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? లేదు. కానీ ముగ్గు బాగుందో లేదో మీ అమ్మగారు గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో చెప్పేస్తారు. "చుక్కలు ఎడమొచ్చాయి." "ఈ మెలిక దగ్గర చెయ్యి వణికింది." "మధ్యలో మరీ బోసిగా ఉంది, ఇంకో వరస వెయ్యాల్సింది." ఆ తీర్పులో ఎక్కడా 'అర్థం' అన్న మాట రాదు. గీత, ఎడం, నిండుతనం, నేల ఎంత వదిలారు, పిండి ఎంత వాడారు, అంతా కంటితోనే తేలిపోతుంది. రూపాలేవీ లేని నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రాన్ని చూసే కన్ను మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. దాన్ని గ్యాలరీ లోపలికి తీసుకెళ్లడం ఒక్కటే మిగిలింది.

దానికి అలవాటు కావాలి. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో కింద చెబుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ నుంచి తీసుకున్నాను. ఇండియా గేట్ చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది దాని ముందు నుంచే ఆటోలో వెళ్లిపోతారు. అక్కడి జైపూర్ హౌస్ అనే పాత రాజభవనంలో ఉంది ఈ గ్యాలరీ. 1954 మార్చి 29న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దీన్ని ప్రారంభించారు. అంతకు రెండు దశాబ్దాల ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్‌గా పనిచేసిన ఆయనే. మనకి కొత్త చోటేమీ కాదు. దీనికి 1996లో ముంబైలో, 2009లో బెంగళూరు మాణిక్యవేలు మాన్షన్‌లో శాఖలు వచ్చాయి. బెంగళూరులో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకి ఆ చోటు మరీ దగ్గర.

1. వెళ్లేముందు ఒక్క సంగతి తెలుసుకోండి

ఇలాంటి మ్యూజియంలలో రెండు రకాల ప్రదర్శనలుంటాయి. ఒకటి, మ్యూజియం సొంత సేకరణలోంచి ఎప్పుడూ గోడల మీద ఉంచేవి. రెండోది, కొన్ని వారాలో నెలలో మాత్రమే ఉండే ప్రత్యేక ప్రదర్శన. అది ఒకే చిత్రకారుడిది కావచ్చు, ఒకే విషయం మీద పదిమందివి కావచ్చు. ఏది చూడ్డానికి వెళ్తున్నారో ముందే తేల్చుకోండి. రెండూ ఒకేరోజు చూడాలనుకుంటే ఏదీ మిగలదు.

ఢిల్లీ గ్యాలరీ సేకరణలో వేలాది చిత్రాలు, శిల్పాలు ఉన్నాయి. గోడల మీద ఉండేవి వాటిలో కొద్ది భాగమే, అవీ మారుతుంటాయి. ఎవరో చెప్పిన బొమ్మ కోసం వెళ్లి అది కనిపించకపోతే నిరాశపడకండి. దాని పక్కన వేలాడుతున్నది మీ బొమ్మ కావచ్చు.

2. ముందు ఒక చుట్టు, తర్వాత మూడు బొమ్మలు

ఎల్‌టీసీ మీద ఢిల్లీ వచ్చిన ఒక జంటను ఊహించుకోండి. టికెట్ కొన్నారు గనక అన్నీ చూడాలని మొదలుపెడతారు. మొదటి గదిలో శ్రద్ధగా, రెండో గదిలో కొంచెం తొందరగా, మూడో గదికి వచ్చేసరికి కాళ్లు లాగుతుంటాయి. నాలుగో గదిలో ఆయన బెంచీ వెతుకుతుంటారు, ఆవిడ వాచీ చూసుకుంటుంటారు. బయటికొచ్చాక "ఏం చూశారు?" అంటే, "చాలా ఉన్నాయండీ, పెద్ద బిల్డింగు" అంటారు.

పెళ్లి భోజనంలో వడ్డించిన ప్రతిదీ తిని తీరాలనుకుంటే చివరికి పెరుగన్నం రుచి కూడా తెలియదు. ఇక్కడా అంతే. మొదట అరగంటలో గదులన్నీ ఒక చుట్టు తిరగండి, ఎక్కడా ఆగకండి. మిమ్మల్ని ఒక్క క్షణమైనా పట్టి నిలబెట్టినవి గుర్తుపెట్టుకోండి. నచ్చినదే కానక్కర్లేదు. చిరాకు పెట్టినదైనా సరే. అలాంటివి మూడు చాలు. ఇప్పుడు వెనక్కి వచ్చి వాటి దగ్గర మాత్రమే ఆగండి. ఒక్కోదానికి పది నిమిషాలు.

పది నిమిషాలా అని ఆశ్చర్యపోకండి. మొదటి రెండు నిమిషాలూ కష్టమే. ఫోన్ మీదికి చెయ్యి పోతుంది. చూసేశాను, ఇంకేముంది అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే చాలామంది కదిలిపోతారు. మూడో నిమిషం దాటాక మాత్రం అప్పటిదాకా కనిపించనివి ఒక్కొక్కటిగా బయటికి రావడం మొదలవుతుంది. ఇది చదివి నమ్మే విషయం కాదు, నిలబడి చూసుకోవాల్సిందే.

3. కనిపించింది చెప్పండి, అర్థం తర్వాత

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

బొమ్మ ముందు నిలబడి, పక్కన కళ్లు లేని మిత్రుడు ఉన్నాడనుకోండి. అతనికి మీరు వర్ణించి చెప్పాలి. మెల్లగా, నోటితోనో మనసులోనో చెప్పండి. 'అందంగా ఉంది', 'విషాదంగా ఉంది' అనకూడదు. అవి మీ తీర్పులు. అతనికి కావలసింది బొమ్మ.

అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన 'త్రీ గర్ల్స్' తీసుకుందాం. ముగ్గురు అమ్మాయిలు దగ్గర దగ్గరగా కూర్చున్నారు. అంత దగ్గరగా ఉన్నా ఒకరినొకరు చూసుకోవడం లేదు. మన వైపూ చూడటం లేదు. చూపులు ఎటో కిందికి వాలి ఉన్నాయి. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. వెనక ఇల్లు లేదు, పెరడు లేదు, సామాను లేదు. బట్టల రంగులు మాత్రం నిండుగా, బరువుగా ఉన్నాయి. ఒంటి మీద మడతలు చాలా తక్కువ, పెద్ద పెద్ద రంగు ముక్కల్లా పరిచారు.

ఇంతవరకూ మీరు చూసిందే చెప్పారు. ఎక్కడా ఏ పుస్తకమూ చదవలేదు. ఇప్పుడు మీలో ఒక ప్రశ్న దానంతటదే లేస్తుంది. ఇంత మంచి రంగుల మధ్య ఈ పిల్లలు ఎందుకలా ఉన్నారు? దేనికోసం ఎదురుచూస్తున్నారు? పెళ్లిచూపుల రోజు లోపలి గదిలో కూర్చున్న మీ అక్కయ్య గుర్తొచ్చిందా? ఇంట్లో పెద్దవాళ్లు తన గురించి తను లేకుండా మాట్లాడుకుంటుంటే, పక్కగదిలో అలాగే చూపు దించుకుని కూర్చున్న ఎవరైనా గుర్తొచ్చారా? ఆ గుర్తొచ్చిన దాన్ని తోసెయ్యకండి. బొమ్మ మీలోంచి పైకి లాగింది అదే.

ఇప్పుడు వెళ్లి వివరాలు చదివితే అవి వేరుగా వినిపిస్తాయి. దీన్ని వేసేనాటికి షేర్‌గిల్‌కి 22 ఏళ్లు. పారిస్‌లో చదువుకుని 1934 చివర్లో ఇండియాకి తిరిగొచ్చింది. 28 ఏళ్లకే, 1941లో లాహోర్‌లో చనిపోయింది. ముందే ఈ కథ చదివి బొమ్మ చూస్తే ఆమె అకాలమరణమే కనిపిస్తుంది గానీ, ఎదురుగా కూర్చున్న ముగ్గురు అమ్మాయిలు కనిపించరు. అందుకే అంటున్నాను: ముందు బొమ్మ, ఆ తర్వాత లేబుల్.

చెయ్యడానికి వీలుగా నాలుగు ప్రశ్నలు రాసిపెట్టుకోండి. నా కన్ను ముందు ఎటు పోయింది? అక్కడి నుంచి ఎటు నడిచింది? ఇందులో ఉండాల్సింది ఏది లేదు? ఒక రంగును వేలితో కప్పేస్తే ఏం పడిపోతుంది? నాలుగోది చూడ్డానికి బొమ్మకి దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, గాలిలోనే వేలు అడ్డం పెట్టండి. కాన్వాస్‌కి దగ్గరగా చెయ్యి తీసుకెళ్లొద్దు.

4. కాళ్లతో కూడా చూడండి

వాసుదేవ్ గాయ్‌తోండే బొమ్మ ఒకటి ఎదురైందనుకోండి. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఒక పెద్ద రంగు మైదానం, అక్కడక్కడా తేలుతున్న మచ్చలు. ఐదడుగుల దూరంలో నిలబడి "ఇందులో ఏముంది?" అని అడిగితే ఏమీ దొరకదు.

గది రెండో చివరికి వెళ్లండి. అక్కడి నుంచి చూస్తే మంచు పట్టిన చెరువులా మొత్తం ఒక్కటిగా వెలుగుతుంది. ఇప్పుడు దగ్గరికి, నేల మీద హద్దు గీత గీసి ఉంటే దాని దాకా, రండి. ఒకే రంగు అనుకున్నది పొర మీద పొరగా కనబడుతుంది. గాయ్‌తోండే రోలర్‌తోనూ కత్తితోనూ రంగు పరిచి, మళ్లీ కొంత తీసేసి, దాని మీద ఇంకో పొర వేసేవారు. ఏడాదికి చాలా కొద్ది చిత్రాలే పూర్తి చేసేవారు. ఆ ఆగడమూ ఆ తీసెయ్యడమూ దగ్గర నుంచి చూస్తే గోడకి వేసిన పాత సున్నం కింద ఇంకో రంగు తొంగిచూసినట్టు కనిపిస్తాయి. తర్వాత పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. వెలుతురు పడి రంగు మందం తెలుస్తుంది.

దగ్గర, దూరం, పక్క. ఈ మూడు చోట్ల నుంచీ చూడకుండా ఏ నైరూప్య చిత్రాన్నీ కొట్టిపారెయ్యకండి.

బెంగళూరులో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడను, ఆవిడ వెంట గ్యాలరీకి వచ్చిన కోడలిని ఊహించుకోండి. ఇలాంటి బొమ్మ ముందే కోడలు మొహమాటంగా అడుగుతుంది.

"అత్తయ్యా, విసుగ్గా ఉందా? వెళ్లిపోదామా?"

"ఉండమ్మా. ఈ ఎరుపు చూడు, పైన పలచగా ఉంది, కిందికొచ్చేసరికి ముద్దగా అయింది. కింద బరువు లేకపోతే పైనున్న ఆ నలుపు నిలవదు కదా."

ఆవిడ మోడరన్ ఆర్ట్ గురించి ఒక్క పుస్తకమూ చదవలేదు. యాభై ఏళ్లు ముగ్గులు పెట్టింది. చీర కొనేటప్పుడు అంచుకీ ఒంటికీ పొత్తు కుదిరిందా లేదా అని కొట్టువాడి చేత పాతిక చీరలు తీయించింది. ఆ కన్నే ఇక్కడ పనిచేసింది.

5. లేబుల్ చదవడం నేర్చుకోండి

బొమ్మ పక్కనుండే ఆ చిన్న కాగితంలో చాలా ఉంటుంది. పేరు, వేసిన సంవత్సరం తర్వాత 'మీడియం' ఉంటుంది, అంటే దేనితో దేనిమీద వేశారో. ఆయిల్ ఆన్ కాన్వాస్ అంటే నూనె రంగులు. అవి ఆరడానికి రోజులూ వారాలూ పడతాయి, అందుకే వేసినవాళ్లు మార్చుకుంటూ పోగలరు. యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది. టెంపెరా అంటే రంగు పొడిని గుడ్డు సొన లాంటి జిగురు పదార్థంతో కలిపి వేసేది, మెరుపు తక్కువ. మిక్స్‌డ్ మీడియా అంటే రంగుతో పాటు కాగితం, గుడ్డ, ఇసుక, ఫోటో ఏదైనా కలిసి ఉండొచ్చు. కొలతల్లో సాధారణంగా ముందు ఎత్తు, తర్వాత వెడల్పు.

కాగితం మీద అచ్చు వేసినవైతే అడుగున పెన్సిల్‌తో 5/25 లాంటి అంకె ఉంటుంది. ఆ ఫలకం మీద మొత్తం 25 ప్రతులు తీశారు, ఇది అయిదోది అని దాని అర్థం. "అయితే జిరాక్సేనా?" అని అడిగేవాళ్లుంటారు. కాదు. ప్రతి ప్రతినీ చేత్తోనే సిరా పూసి, చేత్తోనే తీస్తారు. ఈ అచ్చు కళలో ప్రపంచానికి కొత్త పద్ధతి చూపినవాళ్లలో మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి ఒకరు. చిక్కదనం వేరువేరుగా ఉన్న సిరాలు ఒకదానిలో ఒకటి కలవవన్న చిన్న సంగతిని పట్టుకుని, మెత్తనివీ గట్టివీ రోలర్లతో ఒకే ఫలకం మీద అనేక రంగులు ఎక్కించి, ఒక్క నొక్కుతో ముద్ర తీసే విధానాన్ని పారిస్‌లోని అటెలియే 17 అనే అచ్చు కళ స్టూడియోలో పనిచేస్తూ రూపుదిద్దారు. శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో పనిచేసి, న్యూయార్క్‌లో పాఠాలు చెప్పిన ఆయన 2018లో కన్నుమూశారు. ఆయన ప్రింట్ ఎక్కడైనా కనిపిస్తే ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో కళ్లతో వెతకండి. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లైతే గీత కోసమే చూడాలి. రాగిరేకు మీద ఆమ్లం కొరికిన గీతలో ఉండే పదును పెన్ను గీతకి రాదు.

ఇక చాలామందిని గాభరా పెట్టే మాట 'అన్‌టైటిల్డ్'. పేరు కూడా పెట్టనివాడు మనకేం చెబుతాడు అనిపిస్తుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ తన బొమ్మల్లో అధిక భాగానికి పేర్లు పెట్టలేదు. జీవితమంతా మాటలతో గడిపిన మనిషి, రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుతూ కలుపుతూ పక్షుల్ని, ముఖాల్ని, వింత మృగాల్ని తయారుచేసి, డెబ్బై ఏళ్లకు దగ్గరలో, 1930లో, పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టారు. మాటలు ఆయన దగ్గర కరువా? పేరు పెడితే మీరు పేరునే చూస్తారు గనక పెట్టలేదు. పేరు లేని బొమ్మ దొరికితే బయటికొచ్చేలోగా మీరే ఒక పేరు పెట్టండి. ఇంటికెళ్లాక మర్చిపోరు.

6. "మా బుడ్డోడూ గీస్తాడు" అనిపించినప్పుడు

అనిపిస్తుంది. అది తప్పు కాదు, మర్యాద తక్కువా కాదు. కానీ అక్కడే ఆగకుండా ఒక అడుగు ముందుకెయ్యండి.

సయ్యద్ హైదర్ రజా బొమ్మల్లో పెద్ద నల్లని వృత్తం ఉంటుంది. ఆయన దాన్ని బిందువు అన్నారు. ఆయన చిన్నప్పుడు మధ్యప్రదేశ్ పల్లె బడిలో కుదురు లేకుండా ఉంటే, మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. 1950లో ఫ్రాన్స్ వెళ్లి, దశాబ్దాలపాటు అక్కడి కొండలు, ఊళ్లు వేసి, పేరు తెచ్చుకుని, అరవై ఏళ్లకు దగ్గరపడుతుండగా ఆ చుక్క దగ్గరికి తిరిగొచ్చారు. మీ బుడ్డోడు చుక్క పెట్టగలడు. పెట్టాక దాని చుట్టూ ఏ రంగు ఎంత మేర ఉంటే ఆ నలుపు లోపలికి లాగుతుందో, ఎంత పెరిగితే ముందుకు తోసుకొస్తుందో వాడు తేల్చుకోలేడు. తేల్చుకోగలిగితే వాడికి రంగులు కొనివ్వండి, నేను సంతోషిస్తాను.

రూపం వంకర పోయిందని బాధపడేవాళ్లకి ఇంకో మాట. తోలుబొమ్మలాటలో రావణుడి పది తలలు పక్కపక్కన పేర్చి ఉంటే మెడ ఎలా మోసిందని మనం ఎప్పుడైనా అడిగామా? చేర్యాల పటంలో దేవుడు మనుషులకన్నా పెద్దగా ఉంటే కొలతలు తప్పాయన్నామా? తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలనే తీసుకోండి. అంతంత బొట్లు, అంత మొండి రంగులు, బయట ఎవరూ అచ్చం అలా ఉండరు. అయినా కరీంనగర్ బస్టాండులో వాళ్ల పక్కన కూర్చున్నట్టే ఉంటుంది మనకి. వంకర మనకి కొత్త కాదు. తెలిసిన వంకరని ఆదరిస్తాం, తెలియని వంకరని అనుమానిస్తాం. అంతే తేడా.

7. నచ్చకపోతే నచ్చలేదనండి, కానీ ఎందుకో చెప్పండి

గ్యాలరీలో జరిగే ఇంకో పెద్ద తప్పు నచ్చినట్టు నటించడం. అందరూ తలాడిస్తున్నారని మీరూ ఆడించకండి. అలా ఆడించిన తల ఇంకో ప్రదర్శనకి రానంటుంది.

పెద్దవాళ్లకే నచ్చని సందర్భాలున్నాయి. 1930లలో దక్షిణాదికి వచ్చినప్పుడు అమృతా షేర్‌గిల్ తన బొమ్మల్ని హైదరాబాద్ సాలార్‌జంగ్ నవాబుకు చూపింది. ప్రపంచంలోని వస్తువులన్నీ పోగేసిన ఆ నవాబు వాటిని తిప్పి పంపేశారు. మైసూరు మహారాజు కూడా ఆమెవి కాదని రవివర్మ బొమ్మలు ఎంచుకున్నారు. 2023లో ఆమె 1937 నాటి 'ది స్టోరీ టెల్లర్' వేలంలో 61.8 కోట్ల రూపాయలకు పోయింది. ఈ అంకె చెప్పింది నవాబుని తప్పుపట్టడానికి కాదు. ఆయనకు నచ్చలేదు, తిప్పి పంపారు, అది ఆయన హక్కు. ధర చూసి ఇవాళ మెచ్చుకునేవాళ్లకన్నా ఆ పని నిజాయితీ గలదని నా అభిప్రాయం. అందుకే ప్రదర్శనలో "ఇదెంత పలుకుతుంది?" అన్న ప్రశ్నను గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రమ్మంటాను. ధర విన్నాక కన్ను ఇక బొమ్మను చూడదు.

నచ్చకపోవడానికి కారణం మాత్రం బొమ్మలోంచే చూపించండి. "రంగులన్నీ ఒకే గొంతుతో అరుస్తున్నాయి, కంటికి ఆగే చోటు లేదు" అన్నారనుకోండి, అది విమర్శ. "ఏదో పిచ్చిగీతలు" అన్నారనుకోండి, మీరు చూడలేదని అర్థం. కారణాన్ని ఒక కాగితం మీద రాసి తేదీ వెయ్యండి. రెండేళ్ల తర్వాత అదే చిత్రకారుడి ప్రదర్శన చూసి వచ్చాక ఆ కాగితం తీసి చదవండి.

8. పిల్లల్ని తీసుకెళ్తే

"చెయ్యి పెట్టకు, అరవకు, పరిగెత్తకు" అని మూడు వద్దులతో మొదలుపెడితే వాళ్లకి గ్యాలరీ ఇంకో క్లాసురూమే. గుమ్మంలోనే ఒక పని అప్పజెప్పండి. "ఈ గదిలో అన్నిటికన్నా కోపంగా ఉన్న బొమ్మ ఏదో కనిపెట్టి నాకు చూపించు." "మన ఇంట్లోకి ఒకటి తీసుకెళ్లనిస్తే ఏది తెస్తావు, ఎక్కడ పెడతావు?" వాడు ఎంచుకున్నదాన్ని సరిదిద్దకండి. ఎందుకని మాత్రం అడగండి. నలభై నిమిషాలు చాలు. వాడు ఇంకా చూస్తానంటుండగానే బయటికి తీసుకురండి.

9. చిత్రకారుడే ఎదురుగా ఉంటే

మ్యూజియంలలో తక్కువ గానీ, మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట్ల ప్రదర్శన జరిగే రోజుల్లో బొమ్మలు వేసినవాళ్లు అక్కడే ఒక మూల కుర్చీలో కూర్చుని కనిపిస్తుంటారు. చాలామంది వాళ్లని చూసి పక్కదారి పడతారు. మాట్లాడండి. నెలల తరబడి ఒంటరిగా పనిచేసి, గోడకి పెట్టాక, ఒక్క మనిషైనా ఆగి అడుగుతాడా అని చూస్తుంటారు వాళ్లు.

"దీనర్థం ఏమిటండీ?" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న విని విని వాళ్లకి జవాబు కంఠస్థమైపోయి ఉంటుంది. ఇలా అడిగి చూడండి: "దీన్ని ఏ మూల నుంచి మొదలుపెట్టారు సార్?" "మధ్యలో ఏదైనా తుడిచేశారా మేడమ్?" "ఇది అయిపోయిందని మీకెలా తెలిసింది?" చేతి పని గురించి అడిగితే ఏ పనివాడైనా మనసు విప్పుతాడు. వడ్రంగిని గడప గురించి అడిగినా అంతే, నేతపనివాణ్ని అంచు గురించి అడిగినా అంతే.

10. చివరగా కొన్ని చిన్నవి

మెత్తటి చెప్పులు వేసుకోండి. కడుపు నింపుకుని వెళ్లండి. ఫోటోలు తీయనిస్తారో లేదో అడగండి. తీయనిచ్చినా పది నిమిషాలు చూశాకే తియ్యండి. బొమ్మను తాకకండి, చేతి చెమట రంగుకి హాని చేస్తుంది. ఇద్దరు కలిసి వెళ్తే లోపల విడిపోయి, బయట టీ తాగుతూ కలవండి. ఒకరు ఎంచుకున్న మూడూ ఇంకొకరికి చెప్పుకోండి. మీరిద్దరూ వేరువేరు ప్రదర్శనలకి వెళ్లొచ్చారా అనిపిస్తుంది.

ఢిల్లీ దాకా వెళ్లే వీలు ఇప్పట్లో లేదా? రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరున చిత్రశాల ఉంది. 28 ఏళ్లు నిండకుండానే 1925లో వెళ్లిపోయిన ఆ గోదావరి కుర్రాడి బొమ్మలు అక్కడున్నాయి. ఆ ఊళ్లోనే ఉంటూ చూడనివాళ్లు ఎందరో. ఎక్కడికి వెళ్లినా సెలవు రోజు ముందే చూసుకోండి: జైపూర్ హౌస్‌కి సోమవారం, సాలార్‌జంగ్‌కి శుక్రవారం. ఈసారి సాలార్‌జంగ్‌కి వెళ్లినప్పుడు గడియారం ముందు మీరూ కూర్చోండి, పిల్లలకీ చూపించండి. గంట కొట్టి ఆ గడ్డం బొమ్మ లోపలికి వెళ్లాక, లేచి ఆధునిక చిత్రాల గదికి దారి ఎటని అక్కడి సిబ్బందిని అడగండి.